సూరత్‌లో తెగిపోతున్న ఫోన్లు

సూరత్ వెళ్తున్నానంటే మా ఇంట్లోనూ పక్కింట్లోనూ ఒకటే మాట: "మంచి చీరలు చూసి పట్టుకురా." చీరల కోసం కాదు, ఫోన్ల కోసం వెళ్తున్నానంటే ఎవరికీ అర్థం కాలేదు. వచ్చాక ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. కొట్లకూ ఫ్యాక్టరీలకూ బిల్లులు, సరుకు లెక్కలు చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పాతికేళ్ళు పనిచేశాను. గడపగడపకూ తిరిగి అమ్మే పిల్లగా చేరి, దేశం మొత్తం అమ్మకాలు చూసే కుర్చీ దాకా వెళ్ళాను. ఆ కుర్చీలోంచి లేచొచ్చి ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వంలో ఒక శాఖకు సాంకేతిక సలహాదారుగా ఉన్నాను. "అక్కణ్ణుంచి ఇక్కడికి దిగావేంటి?" అని అడిగినవాళ్ళున్నారు. నాకెప్పుడూ దిగినట్టు అనిపించలేదు. కంపెనీలో నా సరుకు నచ్చనివాడు పక్క కొట్టుకు పోతాడు. ప్రభుత్వానికి పక్క కొట్టు లేదు. నచ్చనివాడు ఎక్కడికీ పోలేక నోరు మూసుకుని కూర్చుంటాడు. అలాంటివాడి చేత మాట్లాడించడం అమ్మకం కంటే కష్టం. కష్టమైన పనులు నాకు బాగా వచ్చు.

మేము తయారు చేసింది ఒక ఫోన్ సేవ. పొట్టకూటికి వేరే రాష్ట్రాలకు వెళ్ళిన మన కార్మికులకు మేమే ఫోన్ చేస్తాం. యంత్రం తెలుగులో పలకరిస్తుంది. ఊళ్ళో వాళ్ళకు కావలసిన సర్టిఫికెట్టో, పింఛనో, రేషన్ కార్డో ఏదైనా ఆగిపోయి ఉంటే నోటితో చెప్తే చాలు, విని సమాధానం చెప్తుంది. ప్రారంభానికి ముందు పరీక్షగా నడిపిస్తే, మిగతా ఊళ్ళలో ఏదో ఒక మేరకు నడిచింది. సూరత్‌లో మాత్రం "నమస్కారం" అనగానే ఫోన్ పెట్టేస్తున్నారు. ఒకరిద్దరు కాదు, దాదాపు అందరూ. "వాళ్ళకు అక్కర్లేదేమో మేడం, మొదటి విడతలో సూరత్‌ను వదిలేద్దాం" అన్నారు ఆఫీసులో. మొదటి విడతలో వదిలేసినవాళ్ళను రెండో విడతలో ఎక్కించుకున్న బండిని నేనింతవరకూ చూడలేదు. వెళ్ళి చూసొస్తానన్నాను.

తొక్కు సీసా

నా వెంట డిప్యూటీ డైరెక్టర్ రంగారావు గారు వచ్చారు. నల్గొండ మనిషి, రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్నారు. నిబంధనలన్నీ ఆయనకు కంఠతా. ఏ పని చెప్పినా ముందు "అది మన పరిధిలోకి వస్తుందా మేడం?" అంటారు. రైల్లో కూడా అదే. "గుజరాత్‌లో మనకేం అధికారం ఉంది మేడం? అక్కడ మనం యాత్రికులం, అంతే."

"అధికారం లేకుండా పని చేయించుకోవడమే కదండీ నా పాత ఉద్యోగం" అన్నాను.

సూరత్‌లో అడాజన్ అనే పేటలో దిగిన గదిలో సంచీ తెరిచేసరికి మామిడికాయ తొక్కు సీసా మూత ఊడి, నూనె ఆయన తెల్లచొక్కాల మీద దేశపటాలు గీసింది. ఉతికినా ఆవపిండి వాసన పోలేదు. మిగిలిన ఒక్క మంచి చొక్కా ఏ రోజు వేసుకోవాలో ఆలోచించుకుంటూ ఆయన ఆ పూట కాఫీ కూడా తాగలేదు.

పొద్దున్నే వీధి చివర బండి దగ్గర లోచో తిన్నాం. శనగపప్పు నానబెట్టి రుబ్బి ఆవిరి మీద ఉడికిస్తారు. మన ఇడ్లీలా నిలబడదు, ఉప్మాలా విడిపోదు. పైన నూనె, సన్నకారప్పూస లాంటి సేవ్, ఉల్లిపాయలు చల్లి నలభై రూపాయలకు ప్లేటు ఇస్తారు. లోచో అంటే గుజరాతీలో గడబిడ అని అర్థమట. ఎవరో పిండి పాడుచేసుకుని, పారేయబుద్ధి కాక అమ్మితే ఊరంతా ఎగబడిందని బండివాడు చెప్పాడు. ఈ ఊరి వ్యాపారం సంగతి అందులోనే ఉంది. రంగారావు గారు మాత్రం తొక్కు నంజుకుని తిన్నారు.

తెల్లపరుపుల మీద

నాకీ ఊరు కొత్త కాదు. నా మొదటి పోస్టింగ్ ఇక్కడే. చీరల మార్కెట్‌లో ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ అమ్మే ఆడపిల్లను నేనొక్కదాన్నే. నా మొదటి ఖాతాదారు జయంతీభాయ్ ఇప్పటికీ అదే దుకాణంలో కూర్చుంటున్నాడని తెలిసి ముందు అక్కడికే వెళ్ళాను.

ఇక్కడి టోకు దుకాణాల్లో కుర్చీలుండవు. చెప్పులు బయట విప్పి, గోడ నుంచి గోడ దాకా పరిచిన తెల్లపరుపు మీద కూర్చోవాలి. మన దగ్గర వచ్చినవాళ్ళకు టీ చెప్తారు. ఇక్కడ ముందు నీళ్ళు వస్తాయి, తర్వాత టీ, ఆ తర్వాతే మాట. రంగారావు గారు నూనె మరకల చొక్కాతో ఆ తెల్లపరుపు అంచున బిగుసుకుని కూర్చున్నారు.

జయంతీభాయ్ జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి "ఆవో, ఆవో లతాబెన్" అన్నాడు. "ఇప్పుడేం అమ్ముతున్నావు?"

"అమ్మడం మానేశాను. ఊరికే ఇస్తున్నాను" అని హిందీలో సంగతంతా చెప్పాను.

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. "ముఫ్త్ కా మాల్! ఊరికే ఇస్తే ఎవడు తీసుకుంటాడు? లోపలేదో మెలిక ఉందనుకుంటాడు."

"మీరు మాత్రం నా సరుకు చూసి కొన్నారు కదా. మూడుసార్లు వెళ్ళగొట్టినా నాలుగోసారి వచ్చి ఒప్పించాను."

"ఒప్పించావా?" ఆయన ఆశ్చర్యపోయాడు. "నాలుగోసారి నీ వెంట మా మేనల్లుడు వచ్చాడు, గుర్తులేదా? వాడు తీసుకొచ్చిన మనిషి మోసం చెయ్యదని కొన్నాను. నువ్వు చెప్పింది నాకొక్క ముక్క అర్థం కాలేదు."

పాతికేళ్ళుగా ఎన్నో సభల్లో నా తొలి అమ్మకం కథ గర్వంగా చెప్పుకున్నాను. ఆ కథలో మేనల్లుడు ఎక్కడా లేడు. నేనూ గట్టిగానే నవ్వాను. నవ్వుతూనే అసలు ప్రశ్న అడిగాను: "మరి మగ్గాల పేట గోడాదరాలో ఉండే మా తెలుగువాళ్ళకు మేనల్లుడు ఎవరు?"

ఆయన తన గుమాస్తాను పిలిచి గుజరాతీలో ఏదో అడిగాడు. గుమాస్తా క్షణం ఆలోచించలేదు. "మెస్సు నడిపే మాసీ" అన్నాడు, పిన్నమ్మ అన్నట్టు. "ఆమె చెప్తే మగ్గాలు కూడా ఆగుతాయి."

లేస్తుంటే జయంతీభాయ్ రంగారావు గారి వైపు ముక్కు ఎగబీల్చి "ఈ వాసన ఏంటి, చాలా బాగుంది" అన్నాడు. రంగారావు గారు మొదటిసారి ఆ ఊళ్ళో నవ్వారు.

గోడాదరా

గోడాదరాలో ఆటో దిగగానే ముందు వినిపించేది మరమగ్గాల చప్పుడు. సిరిసిల్లలో సాంచె అంటారు, ఇక్కడ సంచో అంటారు. పేరే కాదు, దడదడ చప్పుడు కూడా ఒకటే. ఇరుకు సందులు, పైకి పైకి కట్టిన గదులు, తీగల మీద ఆరేసిన బనియన్లు. ఒక గుమ్మం ముందు ఇద్దరు ఆడవాళ్ళు చీర కొంగుకు రాళ్ళు అతికిస్తూ మన తెలుగులో ఎవరి సంగతో ముచ్చట పెట్టుకుంటున్నారు. పక్కనే స్కూలు పిల్ల "మమ్మీ, బే మినిట్ ఆగు, బస్ హో గయా" అంటోంది. రెండు నిమిషాలాగు, అయిపోయింది అనడానికి తెలుగు, గుజరాతీ, హిందీ మూడు భాషలు ఒక్క ఊపిరిలో.

మెస్సు ఎక్కడని అడగాల్సిన పని పడలేదు. సందు మొదట్లోనే ఒక గొంతు వినబడింది: "ఉల్లిగడ్డ సన్నగ కొయ్యమంటే గింత గింత ముక్కలు కోసినవేంది!" ఆమే నర్సవ్వ. భర్త మల్లయ్య చాలా ఏళ్ళు సాంచెలు నడిపి చెవులు పోగొట్టుకున్నాడు. ఆయనకు వినబడేలా మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు అట్లా అయిపోయింది. ఆయన వంటింట్లో పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు.

డెబ్భై రూపాయలకు ప్లేటు. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. పచ్చిపులుసులోని చింతపండు సిరిసిల్ల దిక్కు నుంచి తెప్పిస్తుందట. మాది జగిత్యాల. ఆ పచ్చిపులుసు గ్లాసులో పోయించుకుని తాగాను. తిన్నాక చెయ్యి కడుక్కుని, మేమెవరమో, ఎందుకొచ్చామో చెప్పాను.

నర్సవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గా నమస్కారం ఫోను మీదేనా?"

"మాదే అవ్వా. అందరూ ఎందుకు పెట్టేస్తున్నారు?"

"నేనే పెట్టెయ్యమన్న. పోయినేడు గిట్లనే ఒకడు ఫోన్ చేసిండు. నమస్కారమండి, ప్రభుత్వం నుంచి మాట్లాడుతున్నామండి, అని మస్తు తియ్యగ మాట్లాడిండు. మా దగ్గర తినే పిలగాడు ఓటీపీ చెప్పిండు, బ్యాంకుల ఉన్నదంత ఊడ్సుకపోయిండు. గప్పటి సంది అందరికీ చెప్పిన. గంత మంచిగ తెలుగు మాట్లాడితే వాడు దొంగే. సర్కారోళ్ళు మనతోని ఎన్నడన్న గంత మర్యాదగ మాట్లాడిండ్రా?"

తింటున్నవాళ్ళంతా నవ్వారు. రంగారావు గారు కూడా తల వంచుకుని నవ్వారు. మా యంత్రానికి మంచి ఉచ్చారణ రావాలని నెలల తరబడి పడ్డ శ్రమ నాకు గుర్తొచ్చింది. బాధ కలగలేదు. జబ్బు తెలిసింది. తెలిసిన జబ్బుకు మందు వెయ్యొచ్చు.

"అయితే అవ్వా, ఇప్పుడు మేము దొంగలం కాదని తెలిసింది కదా. ఎత్తమని నువ్వే చెప్పరాదూ?"

"నాకేం తెలుసు బిడ్డా, మీరు ఎసొంటోళ్ళో? నా మాట మీద ఎత్తినంక పని కాకపోతే నన్నే అడుగుతరు. నేను రోజూ గీళ్ళ మొఖాలు సూడాలె." ఆమె మూలన తింటున్న ఒకతన్ని పిలిచింది. "రాజేశం, ఇటు రా. గీయన పని చేసి సూపియ్యిండ్రి. గప్పుడు మాట్లాడుకుందం."

నర్సింగు ఎవరు?

రాజేశం నలభై దాటిన సన్నటి మనిషి. కూతురు అమ్మమ్మ దగ్గర ఊళ్ళో ఉండి చదువుకుంది. జిల్లా ప్రభుత్వ కాలేజీలో నర్సింగ్ సీటు వచ్చింది. నివాస ధ్రువపత్రం ఇస్తే చేర్చుకుంటారు. మండల ఆఫీసులో తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెడితేనే ఇస్తామన్నారట. "నేను పోతె నా సాంచెల మీద ఇంకొకన్ని పెడుతరు మేడం. పోకుంటె బిడ్డ సీటు పోతది. ఇంక నాలుగొద్దులే ఉన్నది."

నేను మా సేవ నంబరుకు ఫోన్ కలిపి, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టాను. చుట్టూ జనం మూగారు. యంత్రం "నమస్కారం" అంది. ఎవరో "దొంగ!" అన్నారు. నర్సవ్వ గద్దించింది.

రాజేశం ఫోన్ దగ్గరగా వంగి గట్టిగా చెప్పాడు: "మా బిడ్డకు నర్సింగు సీటచ్చింది. సర్టిపికెట్ ఇస్తలేరు."

యంత్రం ఎంతో మర్యాదగా అడిగింది: "నర్సింగు గారు మీకు ఏమవుతారు?"

మెస్సు గోడలు ఊగేలా నవ్వారు. రాజేశం కూడా నవ్వాపుకోలేక కింద కూర్చున్నాడు. మల్లయ్యకు ఏం జరిగిందో ఎవరో చెవిలో అరిచి చెప్తే ఆయన ఉల్లిగడ్డ పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఇదే కంపెనీ రోజుల్లో అయితే కొనబోయేవాళ్ళ ముందు సరుకు ఇలా బోర్లా పడితే ఏదో ఒకటి మాట్లాడి కప్పేసేదాన్ని. ఇక్కడ కప్పాల్సిందేమీ కనబడలేదు. వాళ్ళతో పాటు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

నవ్వనిది రంగారావు గారొక్కరే. ఆయన రాజేశాన్నే చూస్తున్నారు. నవ్వులు ఆగాక అడిగారు: "తండ్రి స్వయంగా రావాలని ఎవరన్నారు?"

"ఆఫీసుల సారు అన్నడు సారు."

"అట్లాంటి నిబంధన లేదు." ఆయన గొంతు మారింది. "తల్లి గానీ, పిల్లను పెంచే పెద్దలు గానీ సంతకం పెట్టొచ్చు. మేడం, ఇది వాళ్ళ పరిధి కాదు. లేని నిబంధన పెట్టడానికి వాళ్ళకు అధికారం లేదు."

ఆయన ఫోన్ తీసుకుని సందులోకి నడిచారు. మగ్గాల చప్పుడులో ఆయన మాటలు మాకు తెగి తెగి వినబడ్డాయి. ముందు మండల ఆఫీసు, తర్వాత ఆ పైవాళ్ళు, మళ్ళీ మండల ఆఫీసు. ఒకచోట ఉత్తర్వు నంబరు చూడకుండా చెప్పి, "మీ బీరువాలో రెండో అరలో ఉంటుంది, తీసి చదవండి" అన్నారు. నలభై ఏళ్ళు నిబంధనలు బట్టీపట్టిన మనిషికి వాటిని ఒకరి కోసం కత్తిలా దూసే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చినట్టుంది.

లోపలికొచ్చి రాజేశంతో అన్నారు: "రేపు మీ అత్తగారిని పిల్లను తీసుకుని పొమ్మను. ఇస్తారు. ఇవ్వకపోతే నాకు ఫోన్ చెయ్యి." తన సొంత నంబరు ఇచ్చారు.

నర్సవ్వ మల్లయ్యకు సైగ చేసింది. ఆయన రంగారావు గారి ప్లేట్లో ఇంకో రొట్టె వేశాడు.

పొంక్

మర్నాడు ఎదురుచూడటం తప్ప పని లేదు. సాయంత్రం అడాజన్‌లో తాపీ నది ఒడ్డున పొంక్ బండ్ల దగ్గరికి వెళ్ళాం. చలికాలం మొదట్లో లేత జొన్నకంకులు కాల్చి, నలిపి, గింజలు ఒలిచి అమ్ముతారు. మన ఊచబియ్యమే. మన దగ్గర చేనుగట్టు మీద ఊరికే తినే వస్తువు ఇక్కడ నిమ్మరసం, కారం సేవ్ కలిపి పావుకిలో నూట యాభై పైమాటే. ధర విని రంగారావు గారు రెండడుగులు వెనక్కి వేశారు. రుచి చూశాక మూడు ముందుకు వేశారు.

అక్కడే ఆయన ఫోన్ మోగింది. రాజేశం. "అచ్చింది సారు. సర్టిపికెట్ అచ్చింది. బిడ్డ కాలేజీకి పోయింది సారు." రంగారావు గారు "మంచిది, మంచిది" అని పెట్టేసి, చాలాసేపు నది వైపు తిరిగి నిలబడ్డారు.

పని చేసి చూపించాం కాబట్టి ఇక నర్సవ్వ కాదనదని, నేను మా శాఖ కార్యదర్శికి ఫోన్ చేశాను. రెండు సంగతులు అడిగాను. సూరత్ పలకరింపు నర్సవ్వ గొంతులో ఉండాలి. యంత్రానికి అర్థం కాని మాట వచ్చిన క్షణం ఫోన్ ఒక మనిషికి మారాలి.

"మెస్సు నడిపే ఆవిడ గొంతా? మేడం, ఇది ప్రభుత్వ సేవ. ప్రారంభం దగ్గరపడింది. సూరత్ తర్వాత చూద్దాం."

కంపెనీలో అయితే నా మాటే ఆఖరి మాట. ఇక్కడ నాకున్నది సలహా ఒక్కటే. అదేమీ చిన్నది కాదని ఈ ఉద్యోగంలో నేర్చుకున్నాను. "సార్, నన్ను పెట్టుకున్నదే సలహా కోసం. ఎత్తని ఫోన్‌కు ప్రారంభోత్సవం చెయ్యొద్దన్నది నా సలహా. ఫైలు మీద కూడా అదే రాస్తాను."

గొంతు సంగతి వదిలేసి ఆయన రెండోదానికి వచ్చారు. "మనిషి అంటున్నారు. కొత్త పోస్టు ఎవరిస్తారు? ఎవరు ఎత్తుతారు ఆ ఫోన్లు?"

పక్క నుంచి రంగారావు గారు చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు. "సార్, రంగారావును. సూరత్ ఫోన్లు నా టేబుల్‌కు తిప్పమనండి. నేను రిటైరయ్యేలోపు ఇంకొకరికి నేర్పిస్తాను."

కార్యదర్శి ఒప్పుకున్నారు. "సూరత్‌కు మాత్రమే" అన్నారు. సరేనన్నాను. ఒక ఊళ్ళో నడిచిందాన్ని మిగతా ఊళ్ళకు తీసుకెళ్ళడం నాకు తెలిసిన విద్యే.

గొంతు

చివరి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్సులో రికార్డు చేశాం. హైదరాబాద్ నుంచి పంపిన నాలుగు వాక్యాలు నర్సవ్వకు చదివి వినిపించాను. "నమస్కారం, వలస కార్మికుల సహాయ కేంద్రానికి స్వాగతం..." ఆమె సగంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"గిది నేను సదివితే నన్ను గూడ దొంగదనుకుంటరు. నా తీరు నేను చెప్త."

తలుపులు మూసినా మగ్గాలు వినబడుతూనే ఉన్నాయి. జర మెల్లగా మాట్లాడమంటే "మెల్లగ మాట్లాడితే నా గొంతని ఎట్ల తెలుస్తది?" అంది. కొంగు సర్దుకుని, ఫోన్‌ను రొట్టెల పీట మీద పెట్టి, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు చెప్పింది:

"ఓ బిడ్డా, నేను గోడాదర మెస్సు నర్సవ్వను. కట్ చెయ్యకు. గిది సర్కారు ఫోనే, నేను అరుసుకున్న. పైసలడుగరు, నంబర్లడుగరు. ఎవడన్న అడిగితే నాకొచ్చి చెప్పు, వాని సంగతి నేను సూస్త. నీ పనేందో నిమ్మళంగ చెప్పు."

ఒక్కసారికే అయిపోయింది. మల్లయ్య ఆమె పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. వినబడిందా అని సైగ చేసి అడిగాను. "గామె మాట నాకు ఎప్పుడు వినపడలే?" అన్నాడు.

హైదరాబాద్

సూరత్‌కు కొత్త పలకరింపు పెట్టిన రోజు పొద్దున్నే ఆఫీసులో రంగారావు గారి టేబుల్ చుట్టూ చేరాం. ఆయన కొత్త చొక్కా వేసుకొచ్చారు. మొదటి నంబరు కలిసింది. అవతల ఎవరో ఎత్తారు. వెనక మగ్గాల చప్పుడు.

నర్సవ్వ గొంతు మొదలైంది. ఫోన్ తెగలేదు. ఆమె మాట పూర్తయింది. అయినా తెగలేదు. అవతలి మనిషి ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగాడు:

"అవ్వా, ఇయ్యాల కూరేంది?"

యంత్రం దగ్గర దానికి జవాబు లేదు. ఫోన్ రంగారావు గారి టేబుల్ మీద మోగింది. ఇన్నేళ్ళుగా ఆఫీసులో పుస్తకాల తెలుగు తప్ప మాట్లాడని ఆ మనిషి రిసీవర్ ఎత్తి, నల్గొండ యాసలోకి దిగిపోయారు.

"కూర సంగతి నాకు తెల్వది బిడ్డా. నీ పనేందో చెప్పు, చేస్త."

అతను చెప్పడం మొదలుపెట్టాడు.